మూడో ఏడు జీతం ఎంతో అడగండి

(బస్తీ పిల్లల చదువులు, ఉద్యోగాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ వారం జవాబులు. జవాబులిస్తున్నది ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ అధికారిగా పనిచేసి రిటైరైన అధ్యాపకురాలు.)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది సికింద్రాబాద్ అడ్డగుట్ట. వెస్ట్ మారేడ్‌పల్లిలో నాలుగిళ్లలో పని చేసుకుంటాను. మా ఆయన లేరు. పెద్దబ్బాయి ఐటీఐ ఫిట్టర్ పాసై ఏడాది దాటింది. ఇప్పుడు బండి మీద ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. అప్రెంటిస్‌కి వెళ్లరా అంటే, ‘నెలంతా చేస్తే ఏడు వేలా? అది నేను పది రోజుల్లో తెస్తున్నానమ్మా’ అంటాడు. ఇల్లు వాడి డబ్బుతోనే నడుస్తోంది. వాడికి ఏం చెప్పాలో తెలియడం లేదు.
- ఒక తల్లి, అడ్డగుట్ట

జవాబు: అమ్మా, మీ అబ్బాయి తప్పేమీ మాట్లాడలేదు. అద్దె కట్టాల్సిన ఇంట్లో, ఏ రోజు డబ్బు ఆ రోజు చేతికొచ్చే పని వదిలేయమని చెప్పడం పక్కవాళ్లకు తేలిక. అందుకే నేను వదిలేయమని మొదలుపెట్టను. వాడితో కూర్చుని ఒక కాగితం మీద లెక్క రాయించండి. ఆదివారాలు బస్తీ కమ్యూనిటీ హాల్లో పిల్లలతో నేను చేయించే మొదటి పని ఇదే.

ఒక పక్క యాప్‌లో వచ్చిన మొత్తం రాయాలి. దాని కింద పెట్రోలు, బండి ఈఎంఐ, సర్వీసింగ్, టైర్లు, రీచార్జ్, జ్వరానికీ వానకీ పని మానేసిన రోజులు. ఈ మధ్య ఒక కుర్రాడు రాసుకుంటూ పోయి చైన్ స్ప్రాకెట్ దగ్గర పెన్ను ఆపి, ‘ఇవన్నీ ఎప్పుడూ కలిపి చూడలేదు మేడమ్’ అన్నాడు. తీసేయాల్సినవన్నీ తీసేశాక మిగిలినది చూసి చాలాసేపు మాట్లాడలేదు. అయినా అది ఏడు వేల కంటే ఎక్కువే. అందుకే రెండో గడి కూడా రాయిస్తాను: ఇదే పనిలో మూడో ఏడు ఎంత వస్తుంది? డెలివరీలో నిన్న చేరిన కుర్రాడికీ, మూడేళ్లుగా తిరుగుతున్న కుర్రాడికీ ఒక ఆర్డర్ మీద వచ్చే డబ్బులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. బండి మాత్రం మూడేళ్లు పాతబడుతుంది. ఫిట్టర్ చేతికి మూడేళ్లలో పని వస్తుంది, ఆ పనికి రేటు పెరుగుతుంది.

ఇప్పుడు మీ ఇంటి పక్కనే ఉన్న సంగతి చెబుతాను. అడ్డగుట్ట నుంచి లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ ఎంత దూరమో మీకు నేను చెప్పనక్కర్లేదు. దక్షిణ మధ్య రైల్వే అలాంటి వర్క్‌షాప్‌లలోకి, షెడ్లలోకి ఏడాది శిక్షణ కోసం అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. 2024 చివర్లో వచ్చిన నోటిఫికేషన్‌లో నాలుగు వేలకు పైగా ఖాళీలు చూపించారు. దానికి రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. టెన్త్ మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి సగటు తీసి మెరిట్ లిస్టు వేస్తారు. టెన్త్‌లో కనీసం 50 శాతం ఉండాలి. వయసు 24 దాటకూడదు, ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంటుంది. ఆ వర్క్‌షాప్ గోడ పక్క నుంచి రోజూ బండి మీద వెళ్లే పిల్లల్లో ఎంతమందికి ఈ విషయం తెలుసో ఒకసారి అడిగి చూడండి. నేను అడిగినప్పుడల్లా నాకు బాధే మిగులుతోంది.

అప్రెంటిస్ చేస్తే రైల్వే ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. గ్యారంటీ లేదు. ఉన్నదేమిటంటే, శిక్షణ పూర్తి చేసిన యాక్ట్ అప్రెంటిస్‌లకు, అంటే అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్లకు, రైల్వే లెవెల్-1 (మొదటి మెట్టు) నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు. పరీక్ష రాయాలి, కానీ పోటీ చిన్నదవుతుంది. ఐటీఐ ఉంది కాబట్టి అసిస్టెంట్ లోకో పైలట్‌కి, అంటే రైలు డ్రైవర్ పక్కన ఉండే సహాయకుడి ఉద్యోగానికి కూడా మీవాడు అర్హుడే. దాని మూల వేతనం 19,900తో మొదలవుతుంది, డీఏ, ఇంటి అద్దె, రన్నింగ్ అలవెన్సు వేరే. అమ్మ ఇళ్లలో పాచిపని చేస్తూ పెంచిన కొడుకు రైలు ఇంజిన్ ఎక్కడం జరగని పనేం కాదమ్మా. సికింద్రాబాద్ చుట్టుపక్కల అలాంటి ఇళ్లు ఉన్నాయి.

రైల్వే రాకపోయినా ఆ ఏడాది వృథా పోదు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో సీఎన్‌సీ షాపులు, అంటే కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల వర్క్‌షాప్‌లు ఉన్నాయి. అక్కడ ఆపరేటర్‌గా చేరినవాడు పని నేర్చి సెట్టర్ అవుతాడు, ఆ తర్వాత ప్రోగ్రామర్. ప్రతి మెట్టుకీ జీతం మారుతుంది. బాలానగర్‌లో నాకు తెలిసిన ఒక యజమాని ఇంటర్వ్యూలో ఎక్కువ ప్రశ్నలు అడగడు. టేబుల్ మీద టర్నింగ్ చేసిన షాఫ్ట్ ముక్క, ఒక డ్రాయింగ్, మందం కొలిచే మైక్రోమీటర్ ఒకటి పెట్టి, కొలిచి చెప్పమంటాడు. చాలామంది గబగబా థింబుల్ (దాని తిప్పే పిడి) బిగించేస్తారు. నట్టు బిగించినట్టు బిగిస్తే కొలత తప్పు వస్తుంది. అప్రెంటిస్ చేసి వచ్చిన పిల్లాడు ముందు కొలిచే ముఖాలు గుడ్డతో తుడుస్తాడు, మూసి జీరో సరిగ్గా ఉందో లేదో చూస్తాడు, తర్వాత ముక్కని పెట్టి చివర ఉన్న ర్యాచెట్ మాత్రమే తిప్పుతాడు. అది టిక్ టిక్‌మనగానే ఆపి, మిల్లీమీటరులో వందో వంతు దాకా చదివి చెబుతాడు. ఆ అర నిమిషంలోనే ఆయన నిర్ణయం అయిపోతుంది. ఆ అలవాటు క్లాసులో రాదు, ఏడాది పాటు షాప్‌లో నిలబడితే వస్తుంది.

ఇక ఆ ఏడాది ఇల్లు గడవడం సంగతి. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం ఐటీఐ వాళ్లకు కనీస స్టైపెండ్ 7,000. దరఖాస్తు చేసేటప్పుడు నోటిఫికేషన్‌లో ఉన్న అంకె చూసుకోండి. అప్రెంటిస్ పని పగలు, డెలివరీకి గిరాకీ రాత్రి భోజనాల వేళ. వారంలో నాలుగు సాయంత్రాలు బండి తీస్తే పూర్తిగా కాకపోయినా కొంత లోటు పూడుతుంది. అర్ధరాత్రి దాకా మాత్రం వద్దు. నిద్రమత్తులో గ్రైండర్ ముందు నిలబడకూడదు. మీరు చిట్టీ వేస్తుంటే ఆ ఏడాదికి పాటను ముందే పాడుకునే వీలుందేమో చూడండి. మిగతా లోటుకి తమ్ముళ్లు, మేనమామలు ఎవరైనా నెలకింత అని చేయి కలుపుతారేమో మొహమాటపడకుండా అడగండి. ఇది చదువు ఖర్చే.

ఒక్క పని ఈ వారమే మొదలుపెట్టండి. టెన్త్ మెమో, ఐటీఐ సర్టిఫికెట్, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూడండి. మార్కులుండి కూడా ఈ తేడాల వల్ల వెనక్కి వచ్చేసిన పిల్లలున్నారు. మీరు బీసీలైతే మీసేవలో మామూలుగా ఇచ్చే కుల ధ్రువీకరణ పత్రం రైల్వేకి సరిపోదు, కేంద్ర ఉద్యోగాల కోసం అని చెప్పి ఓబీసీ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక పరుగులు పెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.


ప్రశ్న: నేను ఉప్పుగూడలో ఉంటాను, టెన్త్ రాశాను. నాన్న వెల్డింగ్ షాపులో పని చేస్తారు. నాకు మెషిన్లంటే ఇష్టం. ఇంట్లో మాత్రం ఇంటర్ చదివి డిగ్రీ చేస్తే చాలు, మెషిన్ల దగ్గర ఆడపిల్లకేం పని అంటున్నారు. త్వరగా మంచి ఉద్యోగం రావాలంటే ఏం చదవాలి?
- ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: చిట్టితల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అంత సంతోషం వేసింది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదువు. దాని ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయి. ప్రశ్నలు నువ్వు ఇప్పుడే చదివిన టెన్త్ పాఠాల్లోంచే వస్తాయి: లెక్కలకు 60, ఫిజిక్స్‌కు 30, కెమిస్ట్రీకి 30 మార్కులు. లెక్కలు గట్టిగా చూసుకుంటే ర్యాంకు దానంతట అదే వస్తుంది. పాతబస్తీలోనే, చందూలాల్ బారాదరిలో కులీ కుతుబ్ షా ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. అమ్మానాన్నల భయం దూరం గురించైతే ముందు ఆ కాలేజీ చూపించు.

ఇంకొకటి బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, అందరూ సీఐటీడీ అంటారు. 1968లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. టెన్త్ తర్వాత ఎంట్రన్స్ రాయించి టూల్, డై, మౌల్డ్ మేకింగ్‌లో నాలుగేళ్ల డిప్లొమాకి తీసుకుంటారు. ప్లాస్టిక్ బాటిల్ మూత నుంచి కారు విడిభాగం దాకా ఏది తయారవ్వాలన్నా ముందు దాని అచ్చు తయారవ్వాలి. ఆ అచ్చు చేయగలిగిన వాళ్ల కోసం కంపెనీలు వెతుక్కుంటాయి. ఫీజు పాలిటెక్నిక్ కంటే ఎక్కువ, ముందే కనుక్కుని స్కాలర్‌షిప్ సంగతి అడగండి. ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ ఎక్కి మలక్‌పేటలో దిగితే, అక్కడి నుంచి మెట్రోలో బాలానగర్ దాకా వెళ్లొచ్చు, ఆ తర్వాత షేర్ ఆటో. ఒక రోజు నాన్నను తీసుకుని వెళ్లి ఆ వర్క్‌షాప్ బయటి నుంచైనా చూపించు. వెల్డింగ్ చేసే మనిషికి అదేమిటో నువ్వు వివరించనక్కర్లేదు.

డిప్లొమా చేస్తే డిగ్రీ పోతుందేమో అని ఇంట్లో అంటే, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చని చెప్పు. ఉద్యోగంలో చేరాక చదవాలన్నా అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఇంటర్ ఎంపీసీలో చేరి, కోచింగ్ ఫీజులు కట్టలేక మధ్యలో బీకామ్‌కి మారిన ఆడపిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. వాళ్లలో ఎవరికీ టెన్త్ అయిన రోజున ఈ దారి ఒకటుందని చెప్పిన మనిషి లేరు.


ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్ వాంబే కాలనీలో ఉంటాం. బీకామ్ 61 శాతంతో పాసయ్యాను. ఇంటర్వ్యూల్లో అడ్రస్ చెప్పగానే మొహాలు మారుతున్నాయి. ఇంగ్లిష్‌లో నోరు పెగలడం లేదు. ఒక షాపులో బిల్లింగ్ పనికి రమ్మన్నారు. చేరనా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మాయీ, ఇల్లు గడవాలంటే చేరు, కానీ అక్కడే ఉండిపోవద్దు. అడ్రస్ సంగతి ముందు తేలుద్దాం. బయోడేటాలో ఇంటి నంబరు, కాలనీ పేరు రాయాలనే నియమం ఎక్కడా లేదు. ‘విజయవాడ’, ఫోన్ నంబర్, ఈ-మెయిల్ చాలు. పూర్తి చిరునామా ఉద్యోగంలో చేరేటప్పుడు ఇస్తావు. మీ కాలనీ పేరు విని మొహం మార్చుకునే వాళ్ల అన్యాయానికి నువ్వు సిగ్గుపడక్కర్లేదు.

ఇంగ్లిష్ అంతా నేర్చుకున్నాకే ఇంటర్వ్యూకి వెళ్లాలనుకోవద్దు. నీ పనికి సంబంధించిన ఇంగ్లిష్ నేర్చుకో. బ్యాంక్ రికన్సిలియేషన్ అంటే ఏమిటి, పాస్‌బుక్‌కీ క్యాష్‌బుక్‌కీ తేడా ఎందుకొస్తుంది - దీన్ని రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. తర్వాత జీఎస్టీఆర్-2బీని, అంటే మనకు రావాల్సిన ట్యాక్స్ క్రెడిట్ చూపించే జీఎస్టీ పట్టికను, కొనుగోళ్ల రిజిస్టర్‌తో ఎలా సరిపోలుస్తారో చెప్పు. సరఫరాదారు రిటర్న్ వేయకపోతే మనకు రావాల్సిన ట్యాక్స్ క్రెడిట్ ఆగిపోతుంది, ఆ తేడా పట్టుకునే మనిషి ప్రతి అకౌంట్స్ ఆఫీసుకీ కావాలి. ఇది చెప్పగలిగితే గ్రామర్ అటూ ఇటూ అయినా వింటారు.

నీ 61 శాతం చిన్నదేం కాదు. కామర్స్ గ్రాడ్యుయేట్లకు 55 శాతం ఉంటే సీఏలో మొదటి మెట్టైన ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టైన సీఏ ఇంటర్మీడియట్‌కి రిజిస్టర్ కావచ్చు. రెండు గ్రూపుల్లో ఆరు పేపర్లు. రెండు గ్రూపులూ పాసయ్యాక సీఏ దగ్గర రెండేళ్లు ఆర్టికల్‌షిప్ అనే శిక్షణ, అప్పుడు స్టైపెండ్ వస్తుంది. అది పెద్ద మొత్తం కాదు. పరీక్షలు కష్టం, మళ్లీ మళ్లీ రాసేవాళ్లు ఎక్కువ. ఆ నిజం దాచి నిన్ను పంపను. అయినా పెద్ద డొనేషన్లు, పలుకుబడి అవసరం లేకుండా పేద పిల్లల్ని పై జీతాల దాకా తీసుకెళ్లే చదువుల్లో ఇదొకటి. ఏడాది పాటు ఒక సీఏ ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్‌గా చేరి, పొద్దున్నే చదువుకుని ఒక గ్రూపు రాసి చూడు. బిల్లింగ్ కౌంటర్ కంటే నెలకు వెయ్యో రెండు వేలో తక్కువైనా సీఏ ఆఫీసే ఎంచుకో.


ప్రశ్న: అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెండున్నర లక్షలు కడితే పేరున్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామన్నారు. మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ కూడా పెట్టిస్తారట. నాన్న ఆటో అమ్ముదామంటున్నారు.
- ఒక యువకుడు, జగద్గిరిగుట్ట

జవాబు: ఆటో అమ్మొద్దని నాన్నగారికి ఈ రోజే చెప్పు బాబూ. డబ్బు తీసుకుని ఉద్యోగమిచ్చే కంపెనీ మంచి కంపెనీ కాదు. కంపెనీలు పాత ఉద్యోగాలను పీఎఫ్ యూఏఎన్ నంబర్‌తో (ఎక్కడ పనిచేసినా ఒక్కటే ఉండే పీఎఫ్ నంబర్) సరిచూసుకుంటాయి. లేని మూడేళ్లు అక్కడ కనిపించవు. దొరికిపోతే ఉద్యోగం పోవడమే కాదు, ఆ మచ్చ తర్వాతి ఇంటర్వ్యూకీ వెంటాడుతుంది. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, రసీదులూ వాట్సాప్ మెసేజ్‌లూ చెరపకుండా పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. నువ్వు ఏం చదివావో రాయలేదు. అది రాసి పంపు, దారి వెతుకుదాం.


ప్రశ్న: పుట్టి పెరిగింది పార్సీగుట్టలో. ఇప్పుడు న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా బస్తీ పిల్లలకు ఇరవై లాప్‌టాప్‌లు కొనిచ్చి, ఆన్‌లైన్‌లో కోడింగ్ చెప్పిద్దామనుకుంటున్నాను. ఫిబ్రవరిలో వస్తున్నాను. సలహా ఇవ్వగలరా?
- ఒక ప్రవాస పాఠకుడు

జవాబు: బాబూ, వెళ్లిపోయి కూడా పార్సీగుట్టను మరచిపోని మీ మనసుకు నమస్కారం. ఆ ఇరవై లాప్‌టాప్‌ల డబ్బును వేరేగా ఖర్చు పెట్టమని అడుగుతున్నాను. విరాళంగా వచ్చిన కంప్యూటర్లు బీరువాల్లో తాళం కింద ఉండిపోవడం నేను చూశాను. మన పిల్లలు కోర్సుల మధ్యలో ఆగిపోయేది పాఠం అర్థం కాక కాదు. మూడో నెలలో ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, లేదా అద్దె బాకీ పడుతుంది. పిల్లాడు పనికి వెళ్లిపోతాడు.

మీరుండే దేశంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2000లో బోస్టన్‌లో గెరాల్డ్ చెర్టేవియన్ మొదలుపెట్టిన ఇయర్ అప్. నగరాల్లోని పేద ఇళ్ల యువతను తీసుకుని ఆరు నెలలు శిక్షణ ఇస్తారు, తర్వాత ఆరు నెలలు పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్. ఆ కాలమంతా స్టైపెండ్ ఉంటుంది. చేరేటప్పుడే ఒప్పందం రాయించుకుంటారు, ఆలస్యంగా వస్తే పాయింట్లు పోతాయి, స్టైపెండ్‌లో కోత పడుతుంది. దరఖాస్తు చేసిన వాళ్లను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా చేసి పోల్చిన అధ్యయనంలో, ఇందులో చేరిన వాళ్ల సంపాదన బాగా పెరిగిందని, ఆ తేడా ఏళ్ల తరబడి నిలిచిందని తేలింది. నాకు అందులో నచ్చింది రెండు: నేర్చుకునే కాలంలో చేతికి కొంత డబ్బు, ఆఖర్న అసలైన ఆఫీసులో ఆరు నెలలు. ఈ రెండూ లేని ఉచిత కోర్సులు మన దగ్గర బోలెడున్నాయి. సర్టిఫికెట్ చేతికొస్తుంది, ఆ తర్వాత ఏ మాల్‌లోనో సేల్స్ ఉద్యోగం, ఆరు నెలలకు మానేయడం. మొదటి జీతం ఎంతో చెప్పి పోస్టర్లు వేస్తారు గానీ మూడో ఏడు ఎక్కడున్నారో ఎవరూ రాయరు.

మీరు ఐదుగురు పిల్లల్ని ఎంచుకోండి. ఇరవై వద్దు. డిప్లొమా ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లైతే మంచిది. అప్రెంటిస్ స్టైపెండ్‌కీ ఇంటికి కావాల్సిన డబ్బుకీ మధ్య ఉన్న లోటును ఏడాది పాటు నెలనెలా తల్లి బ్యాంకు ఖాతాలో వేయండి. పిల్లల హాజరు షీటు నెలకోసారి మీకు రావాలి, అది లేకుండా పంపకండి. మీ కంపెనీకి హైదరాబాద్‌లో ఆఫీసు ఉంటే అక్కడి ఉద్యోగాలకు మీ పేరు మీద వాళ్లను రిఫర్ చేయండి. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే బాబాయి ఉన్న పిల్లాడికి ఆ రిఫరల్ అడక్కుండానే దొరుకుతుంది. పార్సీగుట్ట పిల్లాడికి మీరే ఆ బాబాయి కావాలి.

ఫిబ్రవరి మంచి సమయం. ఆఖరి సెమిస్టర్ పిల్లలు ఇంటర్వ్యూలకు తయారయ్యే రోజులవి. రెండు శనివారాలు మాకివ్వండి. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాల మాక్ ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో చేద్దాం. తప్పు చెప్పినప్పుడు మధ్యలో ఆపకండి, అయిపోయాక తెలుగులో కూర్చోబెట్టి చెప్పండి. మీ తేదీలు ఖాయం కాగానే పత్రిక చిరునామాకి రాయండి, హాలు నేను చూసి ఉంచుతాను.